మిర్చి మెషిన్ లెక్కలో 85,000 ఎక్కడ జారిపోయింది

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెబుతాను, తేడా ఉంటే సరిచేయండి. గుంటూరులో మీ షెడ్డు. ఒక కోల్డ్ స్టోరేజీ ఆయనకి మిర్చి క్లీనింగ్ మెషిన్ చేసిచ్చారు. పైన హాపరు, దాని కింద ఊగే జల్లెడ, దుమ్మూ రాలిన గింజలూ లాగే బ్లోయరు, చివర్లో ఆడవాళ్లు అటూ ఇటూ కూర్చుని తాలు కాయ ఏరడానికి నాలుగు మీటర్ల బెల్టు. సాలిడ్‌వర్క్స్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లో 143 రకాల పార్టులు గీసి, అసెంబ్లీ (పార్టులన్నీ కలిపిన మెషిన్) మొత్తానికి కాస్టింగ్, అంటే అందులోనే ఖరీదు కట్టే భాగం, నడిపితే 1,86,000 చూపించింది. దాని మీద మీ లాభం వేసుకుని 2,30,000కి కొటేషన్ ఇచ్చారు. మెషిన్ గేటు దాటేసరికి చేతి ఖర్చే 2,71,000 తేలింది. ఇప్పుడు అదే ఆయన ఇంకో రెండు మెషిన్లు అడుగుతున్నాడు. ఏ సాఫ్ట్‌వేర్ కొంటే లెక్క సరిగ్గా వస్తుందని మీ ప్రశ్న.

ఏదీ కొనకండి. మీ దగ్గరున్నదీ, పక్కన ఒక ఎక్సెల్ షీటూ చాలు. మీ ఫైలూ, మీ బిల్లులూ పక్కపక్కన పెట్టుకుని రెండు రాత్రులు కూర్చున్నాను. 85,000 తేడా ఇలా చీలింది: షీటూ ప్లేటూ వేస్టేజీ 14,000. కొనుగోలు సామాను 12,000. బయటి జాబ్ వర్క్ 11,500. వెల్డింగూ ఫిట్టింగూ కూలీ 28,000. అసలు డ్రాయింగులోనే లేనివి 19,500. వీటిలో ఒక్కటి కూడా సాఫ్ట్‌వేర్ కూడికలో తప్పు కాదు. అది విడివిడి పార్టుల ఖరీదు కూడి ఇచ్చింది. పార్టుకీ పార్టుకీ మధ్య జరిగే పని దాని కంట పడలేదు, ఎందుకంటే మీరు దాన్ని ఎక్కడా గీయలేదు. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా కొటేషన్లు రాస్తున్నాను. దెబ్బ తిన్న ప్రతిసారీ ఆ మధ్యలోనే తిన్నాను.

ఒక దెబ్బ చెబుతాను. ఆటోనగర్‌లో ఫాబ్రికేషన్ అంటే కిలో లెక్క అని మీకూ తెలుసు. షెడ్డుకీ, ట్రస్సుకీ, గేటుకీ కిలోకి ఇంతని మాట అయిపోతుంది, కాటా చీటీ చూసి డబ్బు ఇచ్చేస్తారు. నేను కొత్తలో ఒక రైస్ మిల్లుకి బకెట్ ఎలివేటర్ కూడా అదే లెక్కన ఒప్పుకున్నాను. బరువు నా అంచనాకి నాలుగు కిలోలు అటూ ఇటూగా వచ్చింది, అంత బాగా లెక్కేశాను! డబ్బు మాత్రం మూడో వంతు చేతి నుంచి పడింది. 400 కిలోల షెడ్డు ఫ్రేములో ముప్పై ముక్కలుంటాయి. 400 కిలోల ఎలివేటర్లో బకెట్లూ, బోల్టులూ, క్లిప్పులూ కలిపి మూడొందల పైన. బరువు ఒకటే, చెయ్యి పెట్టాల్సిన సార్లు పది రెట్లు. ఆ దీపావళికి మా పిల్లలకి కాకరపువ్వొత్తులతో సరిపెట్టాం. సాఫ్ట్‌వేర్‌ని దాని మానాన వదిలేస్తే అది కూడా ఒకరకంగా కిలో లెక్కే వేస్తుంది, కాకపోతే రంగుల చార్టు ఇస్తుంది.

సరే, ఒక్కొక్కటే విప్పుదాం.

మొదటిది అతి చిన్న తప్పు, అందుకే ఎక్కువమంది చేస్తారు. మీ బెల్టు కింద ఎనిమిది రోలర్లున్నాయి. ఒక్కో రోలర్లో 6204 సైజు బేరింగులు రెండు, వాటిని జారకుండా పట్టే సర్‌క్లిప్పులు రెండు. సాఫ్ట్‌వేర్లో ఈ పదహారూ సరిగ్గానే ఉన్నాయి. కానీ కొనుగోలు సామానుకి ధర వేసి కాస్టింగ్‌లో కలపడానికి మీరు పార్టుల పట్టీని ఎక్సెల్‌లోకి దింపినప్పుడు రోలర్ సబ్‌అసెంబ్లీలో (లోపలి చిన్న అసెంబ్లీలో) ఉన్న 2 అనే అంకె అలాగే వచ్చింది, పైనున్న 8తో గుణించలేదు. ధర వేసింది రెండు బేరింగులకి. కొన్నది పదహారు. ఒకటి 220 అనుకున్నా పద్నాలుగు బేరింగులకి మూడు వేలు దాటింది. పట్టీలో ప్రతి వరుసకీ దాని పై అసెంబ్లీ ఏదో రాసే గడి ఒకటి, మొత్తం సంఖ్య గడి ఒకటి పెట్టండి. మొత్తం సంఖ్య అంటే తన సంఖ్యని పై అసెంబ్లీ మొత్తం సంఖ్యతో గుణించినది. పై నుంచి కింద దాకా ఇదే సూత్రం లాగితే, ఎన్ని మెట్లు లోపలికి పోయినా తప్పదు. కొనుగోలు సామానులో మిగతా తొమ్మిది వేలు మోటారూ గేర్‌బాక్సూ పాత ధరల వల్ల పోయాయి. ధర గడి పక్కన ఆ ధర ఏ తేదీదో రాయండి. తేదీ లేని ధర నాకు ఎవరైనా చూపిస్తే నేను దాన్ని సున్నాగానే చూస్తాను.

ఇంకొకటి మీ ఫైల్లో కనిపించి నవ్వొచ్చింది. బ్లోయరు గార్డు మీరు బయటి నుంచి తెచ్చుకున్న మోడల్, మామూలు దిమ్మ రూపంలో ఉంది. షీట్ మెటల్‌గా మార్చలేదు. దాంతో సాఫ్ట్‌వేర్ దాన్ని బెండింగ్ పార్టు అనుకోలేదు, పెద్ద ఇనుప దిమ్మలోంచి మిల్లింగులో చెక్కి తీసినట్టు లెక్కేసి ఆ ఒక్క గార్డుకి 11,000 వేసింది. అసలు ఖర్చు 1,400. అంటే 1,86,000లో కూడా తొమ్మిది వేల పైన ఉత్తి గాలి ఉంది, అది మీ మిగతా తప్పుల్ని కొంత కప్పిపెట్టింది. కాస్టింగ్ నడిపాక మొత్తం చూడ్డానికి ముందు, ఖరీదు ఎక్కువ నుంచి తక్కువకి పార్టుల్ని వరసగా పేర్చి మొదటి పదిహేను చూడండి. చేత్తో పట్టుకుంటే ఇంత ఖరీదు చేస్తుందా అని మీ మనసునే అడగండి. ఇలాంటి దిమ్మలన్నీ అక్కడే దొరుకుతాయి.

ఇప్పుడు ఇనుము. ప్రతి పార్టుకీ మూడు బరువులుంటాయి. తయారైన బరువు, కోసేముందు దానికి కేటాయించిన బరువు, దానికోసం మీరు కొన్న బరువు. సాఫ్ట్‌వేర్ మొదటిది ఖచ్చితంగా చెబుతుంది, రెండోది సెట్ చేస్తే చెబుతుంది, మూడోది మీ నెస్టింగ్ మీద, అంటే షీటు మీద ముక్కల్ని ఎలా సర్దారన్నదాని మీద ఆధారపడుతుంది. మీ బ్లోయరు పక్క ప్లేటునే తీసుకోండి. నత్త గుల్ల ఆకారం, బయటి కొలత 900 × 800, మందం 3 మి.మీ., తయారైన బరువు 11.5 కిలోలు. మీరు కొన్న షీటు 1250 × 2500. చదరపు మీటరుకి మి.మీ. మందానికి 7.85 కిలోల లెక్కన ఆ షీటు 73.6 కిలోలు. దాన్ని ఎటు తిప్పినా మూడు ముక్కలే పడతాయి. అంటే ఒక్కో ప్లేటు 24.5 కిలోల షీటు మింగింది. మెషిన్‌కి రెండు కావాలి కాబట్టి 49 కిలోలు. కిలో 65 అనుకుంటే 3,190. సాఫ్ట్‌వేర్ 23 కిలోలకి 1,495 వేసింది. మిగిలిన 26 కిలోలు తుక్కు కింద 30కి అమ్మినా వచ్చేది 780, చివరికి పడింది 2,410. ఆ వంపుల మధ్య మిగిలిన ముక్కల్లో మీ చిన్న బ్రాకెట్లు పెట్టి కోయిస్తే కొంత తిరిగొస్తుంది. కానీ అప్పుడు బ్రాకెట్ల మందం కూడా 3 అయి ఉండాలి. మీరేమో 4 గీశారు. 4 ఎందుకు గీశారో నాకు తెలుసు, ఎందుకైనా మంచిదని. అందరం అందుకే గీస్తాం.

కాబట్టి షీటు పార్టులకి విడివిడిగా ఖరీదు కట్టకండి. ఒకే మందం ఉన్నవన్నీ ఒక గుంపు చేసి, లేజర్ కటింగ్ వాళ్లకి డీఎక్స్ఎఫ్ ఫైళ్లు (కోత గీతల డ్రాయింగులు) పంపి, ఎన్ని షీట్లు పడతాయో అడగండి. వాళ్లు నెస్టింగ్ చేసి చూపిస్తారు. షీట్ల ఖరీదు మొత్తాన్ని ఆ గుంపు మీద వేయండి. రాడ్లకీ ట్యూబులకీ ఇదే పద్ధతి, 6 మీటర్ల పొడవు మీద. మీ షాఫ్టులు ఒక్కోటి సుమారు 1150 మి.మీ., 6 మీటర్ల రాడ్డులో అయిదు వస్తాయి, మీకు కావాల్సింది ఆరు. ఆరోదానికి ఇంకో రాడ్డు. షాపువాడు ముక్క కోసి ఇస్తాడు కానీ కోత కూలీ అడుగుతాడు, రేటూ వేరుగా ఉంటుంది. గుండ్రటి రాడ్డు బరువుకి మన లేత్ షాపుల్లో అందరూ వాడే చిట్కా మీకు తెలిసే ఉంటుంది: మి.మీ.లో వ్యాసాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకి కిలోలు. 25 మి.మీ. రాడ్డు మీటరుకి 3.86. ఇది వెనక్కి సరిచూసుకోవడానికి బాగుంటుంది.

జాబ్ వర్క్ సంగతి. కాస్టింగ్‌లో లాట్ సైజు అనే గడి ఉంటుంది, మీ ఫైల్లో 100 అని ఉంది. అంటే మెషిన్ సెట్టింగ్ ఖర్చుని వంద పార్టుల మీద పంచి మీకు చూపించింది. మీరు చేయించింది ఆరు షాఫ్టులు, అందులోనూ మూడు రకాలు. కీవే (పుల్లీ జారకుండా తాళపు ముక్క కూర్చునే గాడి) ఉన్న షాఫ్టుకి సెట్టింగ్ 40 నిమిషాలు, కోత 25 నిమిషాలు అనుకోండి. ఒక్కటే చేయిస్తే 65 నిమిషాలు. నాలుగు చేయిస్తే ఒక్కోటి 35. వంద చేయిస్తే పాతిక మీద కొన్ని సెకన్లు. లేత్ ఆయనకి వంద సంగతి అనవసరం, ఆయన 65 నిమిషాల డబ్బే తీసుకున్నాడు. తప్పు లేదు. ఇక్కడే డ్రాయింగులో బాగుచేసుకోగలిగింది ఉంది. మూడు రకాల షాఫ్టులకీ రెండు చివర్లా ఒకే వ్యాసం, ఒకే కీవే పెట్టి, పొడవు మాత్రమే తేడా ఉంచితే మూడు సెట్టింగులు ఒకటవుతాయి. ఏ సాఫ్ట్‌వేరూ ఇది తనంత తాను చెప్పదు.

ఇక 28,000 దగ్గరికి వద్దాం, అసలు కథ ఇక్కడే.

మీరు గంటకి కూలీ 120 అని కాస్టింగ్ టెంప్లేట్లో (రేట్లు నింపి ఉంచే ఫైల్లో) పెట్టారు. 25,000ని 26 రోజులతో, 8 గంటలతో భాగించి ఉంటారు. ఆ 25,000 మాత్రం బాగానే కట్టారు: 20,000 జీతం, యజమాని వాటా పీఎఫ్ 12%, ఈఎస్ఐ 3.25%, బోనస్ కనీసం 8.33%, పైన చిల్లర. భాగించడంలో పొరపాటు. పండగలూ సెలవులూ పోతే 208 గంటలు 195 అవుతాయి. అందులో చెయ్యి నిజంగా పని మీద ఉండేది 70% అనుకోండి, అదీ మంచి షెడ్డులో. టూల్ వెతకడం, గ్రైండింగ్ వీల్ కోసం బజారుకి పోవడం, కరెంటు, టీ. మిగిలింది సుమారు 136 గంటలు. ఇప్పుడు భాగిస్తే గంట 183. మీ ఎస్టిమేటులో ప్రతి నిమిషమూ సగం పైగా ధర పెరగాలి. కాస్టింగ్ టెంప్లేట్లో ముందే ఉండే రేట్లని ఎవరి షెడ్డువో తెలియని రేట్లుగా చూడండి. షెడ్డులో మీరు వాడే ప్రతి మెషిన్‌కీ మీ గంట రేటు మీరే కట్టుకోవాలి: తరుగుదల, కరెంటు, మరమ్మతు, నిలబడిన చోటికి అద్దె, ఆపరేటరు.

తర్వాత వెల్డింగ్. డ్రాయింగులో 6 మి.మీ. ఫిల్లెట్ (రెండు ప్లేట్లు కలిసే మూలలో వేసే వెల్డు) అని రాశారు, మొత్తం 18 మీటర్లు. 6 మి.మీ. ఫిల్లెట్ అంటే అడ్డకోత 18 చదరపు మి.మీ., మీటరుకి 141 గ్రాముల లోహం, మొత్తం 2.5 కిలోలు. మీ ఫ్రేము ఫోటో చూశాను. అది 6 కాదు, తక్కువలో తక్కువ 8. మేస్త్రీని అడిగితే "గట్టిగా ఉండాలి కదండీ" అంటాడు. 8 అయితే అడ్డకోత 32, లోహం 4.5 కిలోలు. రెండు మి.మీ. ఎక్కువేస్తే పని 78% పెరిగింది. రాడ్డు వెల్డింగులో రాడ్డు బరువంతా అతుకులోకి పోదు, మూడో వంతు పైనే చివరి ముక్కలుగా, చిట్టెంగా, చిమ్మిన రవ్వలుగా పోతుంది. గంటకి కిలో లోహం పోసే చేతికి కూడా ఆర్క్ వెలిగి ఉండేది గంటలో ఇరవై నిమిషాలకి మించదు. 6 మి.మీ.కి ఏడున్నర గంటలు, 8 మి.మీ.కి పదమూడున్నర గంటలు. ఆ పైన వేడికి ఫ్రేము వంకర తిరిగి, దాన్ని సరిచేయడానికి ఇంకో పూట. మీ బిల్లుల్లో ఆ పూట కనిపించదు, మస్తరులో కనిపించింది. మేస్త్రీకి ఫిల్లెట్ గేజు (వెల్డు సైజు కొలిచే బిళ్ల) ఒకటి కొనివ్వండి. మీరు కొనాలనుకున్న సాఫ్ట్‌వేర్ కన్నా అది త్వరగా డబ్బు తిరిగి ఇస్తుంది.

ఇప్పుడు నేను ముందు చెప్పిన మధ్య పని. మీ అసెంబ్లీ చెట్టు (సాఫ్ట్‌వేర్ పార్టుల్ని కొమ్మల్లా చూపించే పట్టీ) చూడండి: హాపరు, జల్లెడ, బ్లోయరు, కన్వేయరు, ఫ్రేము. ఇది గీసే చెట్టు. షెడ్డులో మెషిన్ ఇలా పుట్టలేదు. ముందు లేజర్ సరుకంతా ఒక ట్రాలీ ఆటోలో వచ్చింది. బెండింగుకి వేరే షెడ్డుకి పోయి వచ్చింది. ఫ్రేము వెల్డింగయ్యాక బేరింగ్ బ్లాకుల రంధ్రాలు కలవలేదు, యూసీపీ 205 రకం బేరింగ్ బ్లాకుల్ని పెట్టి గుర్తు గీసి మళ్లీ డ్రిల్ వేశారు. ఇంపెల్లర్ (బ్లోయరు లోపల తిరిగే చక్రం) బ్యాలెన్సింగుకి కృష్ణ మీది వారధి దాటి విజయవాడ వెళ్లింది, ఒకసారి సరిపోలేదు, రెండుసార్లు. మొత్తం ఒకసారి బిగించి, తిప్పి చూసి, విప్పి, రంగు వేసి, మళ్లీ బిగించారు. అంటే అసెంబ్లీ ఒక్కసారి కాదు, రెండుసార్లు జరిగింది. ఇది చేసే చెట్టు. ఎస్టిమేటు ఈ చెట్టు మీద వేయాలి.

ఎలాగంటే, గీసే చెట్టుని ముట్టుకోకండి. ఎక్సెల్‌లో రెండో పట్టీ మొదలుపెట్టి, వరుసకి ఒక పార్టు బదులు వరుసకి ఒక పని రాయండి. లేజర్ గుంపు, బెండింగ్ గుంపు, టర్నింగ్ (లేత్) గుంపు, ఫ్రేము పొందిక, ఫ్రేము వెల్డింగ్, సరిచేయడం, డ్రిల్లింగ్, ట్రయల్ బిగింపు, విప్పడం, రంగు, చివరి బిగింపు, వైరింగ్, ట్రయల్ రన్. ఒక్కోదానికీ ఎక్కడ జరుగుతుంది, సెట్టింగ్ నిమిషాలు, పని నిమిషాలు, ఎంతమంది, రాకపోకల ఖర్చు. సాఫ్ట్‌వేర్ నుంచి ఈ పట్టీలోకి రావాల్సింది కొలతలు మాత్రమే: కోత పొడవు ఎన్ని మీటర్లు, ఎన్ని బెండులు, ఎన్ని రంధ్రాలు, వెల్డు పొడవు, రంగు పడే వైశాల్యం, బోల్టుల సంఖ్య. ఆ లెక్కల్లో అది మనకన్నా వెయ్యి రెట్లు నమ్మకం. రేటూ నిమిషాలూ మాత్రం మీ షెడ్డువి. సాలిడ్‌వర్క్స్ కాస్టింగ్‌లో కూడా ఇలాంటి పనుల్ని మీ సొంత ఆపరేషన్‌గా అసెంబ్లీకి చేర్చుకోవచ్చు, నాకైతే ఎక్సెల్‌లోనే చెయ్యి బాగా తిరుగుతుంది.

బిగింపు నిమిషాలు ఎక్కడి నుంచి తేవాలని అడుగుతారు. మీ గత మెషిన్ నుంచే. మస్తరు ప్రకారం ట్రయల్ బిగింపూ చివరి బిగింపూ కలిపి 120 మనిషి గంటలు. బోల్టులూ పార్టులూ కలిపి 410 ముక్కలు. ముక్కకి పదిహేడున్నర నిమిషాలు. వాచీ పెట్టి ఒక బోల్టు బిగిస్తే నిమిషం పట్టదు. అయినా పదిహేడున్నర, ఎందుకంటే వెతకడం, ఎత్తడం, కలవకపోతే గ్రైండింగ్ చేయడం అన్నీ అందులో ఉన్నాయి. ఈ అంకె మీ షెడ్డుది. నాది వేరు. వచ్చే మెషిన్ డిజైన్ మారినా ముక్కల సంఖ్యని దీంతో గుణిస్తే మొదటి అంచనా వచ్చేస్తుంది.

అలాంటప్పుడు ముక్కలు తగ్గించడమే ఖర్చు తగ్గించడం. బూత్‌రాయిడ్, డ్యూహర్స్ట్ అని అమెరికాలో ఇద్దరు ప్రొఫెసర్లు సరిగ్గా దీని మీదే పనిచేసి, సాఫ్ట్‌వేర్ కూడా చేశారు. 1991లో అమెరికా వాళ్లకి నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ ఇచ్చింది. ప్రతి పార్టునీ మూడు ప్రశ్నలు అడగమంటారు: మెషిన్ నడిచేటప్పుడు ఇది పక్కదానితో పోలిస్తే కదులుతుందా? వేరే పదార్థంతోనే ఉండి తీరాలా? ఇది విడిగా లేకపోతే మిగతావి బిగించడానికో విప్పడానికో కుదరదా? మూడింటికీ కాదు అంటే ఆ పార్టుని పక్కదానితో కలిపేయొచ్చు. మీ బెల్టు గార్డు అడగండి. మూడు ముక్కలు, పద్నాలుగు బోల్టులు. ఒకే షీటుని మడిచి, ఒక వైపు కొక్కెం, ఒక వైపు రెండు బోల్టులు పెడితే పదిహేడు ముక్కలు మూడవుతాయి. పద్నాలుగు ముక్కలు తగ్గాయి, పదిహేడున్నర నిమిషాల చొప్పున నాలుగు గంటలు. అంత రాకపోవచ్చు, గార్డు బోల్టులు తేలిక. సగం వచ్చినా మంచిదే. గ్రీజు పెట్టే కుర్రాడు కూడా మిమ్మల్ని దీవిస్తాడు.

రంధ్రాలు కలవకపోవడానికీ ఇక్కడే మందు ఉంది. ఆరు ముక్కలు వరసగా కలిసే చోట ఒక్కోటి అర మి.మీ. అటూ ఇటూ పోతే, అన్నీ ఒకే వైపు పోయిన రోజు 3 మి.మీ. తేడా. బేరింగ్ బ్లాకు కింది ప్లేటుకి గుండ్రటి రంధ్రం బదులు పొడవాటి స్లాట్ గీయండి. లేజర్‌లో స్లాట్‌కి అదనంగా పడేది లెక్కలోకి రానంత. డ్రిల్ మళ్లీ వేసే పని మొత్తం పోతుంది.

డ్రాయింగులో లేనివి 19,500 అన్నాను. రంగు, థిన్నరు, పుట్టీ, గ్రీజు, వైరూ లగ్గులూ కేబుల్ టైలూ, గ్రైండింగ్ వీళ్లు, గ్యాసు, బెల్టు అతికించిన కూలీ, ప్యాకింగు చెక్క, ఎక్కించడానికి క్రేను, కోల్డ్ స్టోరేజీలో బిగించడానికి రెండు రోజులు మనుషులు, ట్రయల్‌కి వాళ్లిచ్చిన ఆరు టిక్కీల (బస్తాల) మిర్చిలో నలిగిపోయిన కాయకి మీరు కట్టిన డబ్బు. (ఆ చివరిది చదివి మా ఆవిడ కూడా నవ్వింది.) వీటిని అసెంబ్లీలో బరువూ ఆకారమూ లేని ఉత్తుత్తి పార్టులుగా చేర్చి పేరు పెట్టండి. పార్టుల పట్టీ తీసిన ప్రతిసారీ వరుసలో వచ్చి నిలబడతాయి, మర్చిపోరు.

వేరే సాఫ్ట్‌వేర్ల గురించి రెండు ముక్కలు. ఏప్రియోరి లాంటి ఖరీదు కట్టే సాఫ్ట్‌వేర్లని పెద్ద కంపెనీలు సప్లయర్ల రేట్లు నిగ్గు తేల్చడానికి వాడతాయి, మన పరిమాణానికి అనవసరం. మీ పని పెరిగి స్టోరు, కొనుగోళ్లు కూడా ఒకచోట కావాలనుకుంటే ఈఆర్‌పీనెక్స్ట్ అనే వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్ చూడండి. మనదేశంలో తయారైనది, ఓపెన్ సోర్స్. అసెంబ్లీలో అసెంబ్లీ పెట్టుకుంటూ పోవచ్చు, ఒక్కో వర్క్‌స్టేషన్‌కి గంట రేటు ఇవ్వొచ్చు, చివరిసారి కొన్న ధరతో లెక్క తిరగరాయించొచ్చు. టాలీ మీ ఆడిటర్ దగ్గర ఎలాగూ ఉంటుంది, అందులోనూ మెటీరియల్ పట్టీ పెట్టి మాన్యుఫాక్చరింగ్ జర్నల్ వేయొచ్చు, కానీ అది అయిపోయిన ఖర్చు రాసుకోవడానికి బాగుంటుంది, ముందు ఊహించడానికి కాదు. ఇంకో మాట, సాలిడ్‌వర్క్స్‌లో కాస్టింగ్ ప్రొఫెషనల్, ప్రీమియంలతోనే వస్తుంది. లైసెన్సు మార్చేటప్పుడు చూసుకోండి.

జీఎస్టీ: స్టీలు మీద కట్టిన 18%కి ఇన్‌పుట్ క్రెడిట్ (అమ్మకం పన్నులో ఆ మేరకు తగ్గింపు) తీసుకుంటుంటే దాన్ని ఖర్చులో కలపొద్దు, మీ ఎక్సెల్ షీటులో కొన్ని చోట్ల కలిపారు, కొన్ని చోట్ల లేదు. కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతిలో) ఉంటే క్రెడిట్ రాదు కాబట్టి కలపాల్సిందే. ఏదో ఒకటి, అన్ని వరుసలకీ ఒకేలా.

మీలాంటి తేడా వచ్చినప్పుడు చాలామంది చేసేది, సాఫ్ట్‌వేర్ అంకెకి 45% కలిపేసి ముందుకు పోవడం. వద్దు. ఈ మెషిన్లో వెల్డింగ్ ఎక్కువ కాబట్టి 45% వచ్చింది. రేపు కొనుగోలు సామాను ఎక్కువుండే కన్వేయరుకి అదే కలిపితే ఆర్డరు పోతుంది, ప్లేటు పని ఎక్కువున్నదానికి కలిపితే మళ్లీ చెయ్యి కాలుతుంది. అయిదు పద్దులకీ అయిదు గుణకాలు వేరువేరుగా పెట్టుకోండి, ప్రతి మెషిన్ అయ్యాక సరిదిద్దుకోండి. నిమిషాల కోసం పెద్ద ఏర్పాటేం వద్దు. షెడ్డు గోడకి ఒక నల్లబల్ల, సుద్దముక్క. ఏ పని ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు. సాయంత్రం ఫోటో తీసుకుని ఎక్సెల్‌లో ఎక్కించండి. మొదటి వారం కుర్రాళ్లు మీరు వాళ్ల మీద నిఘా పెట్టారనుకుంటారు. డ్రాయింగులో తప్పెక్కడుందో తెలుసుకోవడానికని చెప్పి, మొదట దొరికిన తప్పు మీదే అని అందరి ముందూ ఒప్పుకోండి. ఆ తర్వాత వాళ్లే నిజం రాస్తారు.

ఇప్పుడు రెండు మెషిన్ల కొటేషన్. రెండూ కలిపి చేస్తే కూలీ కొంత తగ్గుతుంది. టి.పి. రైట్ అనే ఇంజినీరు 1936లో విమానాల తయారీ లెక్కలు చూసి, సంఖ్య రెట్టింపైనప్పుడల్లా ఒక్కోదానికి పడే సగటు కూలీ సుమారు 80%కి దిగుతుందని చెప్పాడు. మన షెడ్లలో మధ్యలో వేరే పనులు దూరతాయి, మనుషులు మారతారు. నేను 90% కన్నా కిందికి దిగుతుందని ఆశపడను. మీ 120 గంటలు సగటున 108 అవుతాయి, అంతే. సెట్టింగులు పంచుకుంటాయి, బ్యాలెన్సింగుకి ఒకే ట్రిప్పు, నాలుగు బ్లోయరు ప్లేట్లు కాబట్టి రెండు షీట్లు కొన్నా రెండోదాంట్లో పెద్ద ముక్క మిగులుతుంది. స్లాట్లు, కొత్త గార్డు, 6 మి.మీ. వెల్డు నిజంగా పాటిస్తే ఒక్కో మెషిన్ 2,45,000 నుంచి 2,55,000 మధ్య పడుతుందని నా లెక్క. ఒక్క అంకె చెప్పమంటే 2,52,000. దాని మీద 15% వేసుకుంటే 2,90,000. పన్ను వేరు.

ఆయన పాత రేటుకే కావాలంటాడు, మిర్చి యార్డుకి కొత్త కాయ వచ్చేలోపే ఇవ్వమనీ అంటాడు. పాత మెషిన్ బిల్లులు దాచకుండా చూపించండి. రేటు తగ్గించకుండా పని తగ్గించండి: ప్యానెలూ మోటార్లూ ఆయన్నే కొనుక్కోమనండి, క్రేనూ ట్రయల్ మిర్చీ ఆయన ఖాతా, జల్లెడకి స్టెయిన్‌లెస్ బదులు మామూలు ఇనుమైతే ఎంతో విడిగా రాసివ్వండి. స్టీలు, మోటారు ధరలకి కొటేషన్ గడువు ఏడు రోజులని కింద స్పష్టంగా వేయండి. అడ్వాన్సు షీట్లకీ కొనుగోలు సామానుకీ సరిపడా ఉండాలి. అంత ఇవ్వనంటే ఒక్క మెషిన్‌కే ఒప్పుకోండి. గార్డు కొత్త డ్రాయింగు వేశాక ఒకసారి చూపించండి, కొక్కెం ఏ వైపు పెట్టాలో చెబుతాను. జల్లెడ ఊగే వైపు పెడితే నెలలో ఊడిపోతుంది.